ధనియాలు ఆపేశారు, శొంఠి వదిలేశారు

ప్రయాణాల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కషాయాల గురించే. ఏటా ఈ రోజుల్లో ఇది మామూలే. పురుళ్లకీ, మనవల్ని చూడ్డానికీ అమ్మలూ అత్తలూ విమానాలెక్కుతారు. వాళ్లతోపాటు ఒక పొట్లమూ ఎక్కుతుంది. కొత్త పాఠకులకి నా గురించి ఒక మాట. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. బాపట్లలో అగ్రికల్చర్ బీయస్సీ చదివాను. పెళ్లయ్యాక మెల్‌బోర్న్ వచ్చి, దిగుమతి సరుకులు క్లియర్ చేయించే ఒక చిన్న ఆఫీసులో పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. నేను అధికారిని కాను. సరుకుకీ అధికారికీ మధ్య కాగితాలు మోసే మనిషిని. నేను చెప్పేది అక్కడ నిలబడి చూసినవాళ్ల మాట అనుకోండి, తీర్పు అనుకోకండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మెల్‌బోర్న్‌లో ఉన్న మా అమ్మాయికి జనవరిలో పురుడు. నేను డిసెంబరులో వెళ్తున్నాను. బాలింతకి పనికొస్తుందని శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, ధనియాలు, జీలకర్ర, సోంపు, ఎండబెట్టిన తులసి, నిమ్మగడ్డి, కమలాపండు తొక్కలు అన్నీ కలిపి కిలోన్నర కషాయం దినుసులు సిద్ధం చేశాను. దంచితే ఘాటు పోతుందని అలాగే ఉంచాను. మా వియ్యపురాలు "హెర్బల్ టీ అని చెప్పండి, వదిలేస్తారు" అంటున్నారు. మా అల్లుడేమో వేలకు వేలు ఫైన్ వేస్తారని ఒకటే టెన్షన్ పెడుతున్నాడు. ఎవరి మాట వినాలి?
ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అక్కయ్యగారూ, మీ అల్లుడి భయం సగం నిజం. మీ వియ్యపురాలి సలహా మాత్రం వినకండి.

హెర్బల్ టీ అన్న పేరుకి విమానాశ్రయంలో తనిఖీ బల్ల దగ్గర ఏ విలువా లేదు. పేరేదైనా మూట విప్పుతారు. అందులో ఏ మొక్క ఉంది, దాని ఏ భాగం ఉంది అనేదే చూస్తారు. ఆకా, గింజా, వేరా, బెరడా, పండు తొక్కా? ఆకు బాగా ఎండితే దాని పని అయిపోయినట్టే. గింజ అలా కాదు. ఎండినా బతికే ఉంటుంది, తడి తగిలితే మొలుస్తుంది. బెరడు పగుళ్లలో పురుగు గుడ్లు దాక్కుంటాయి. పండు తొక్క మీద తెగులు మచ్చ మీ కంటికి ఆనకపోవచ్చు. అందుకే గింజలు, బెరడు, పండు ముక్కలు, తొక్కలు కలిసిన టీలంటే ఆస్ట్రేలియా వాళ్లకి మొదట్నించీ గుబులు.

ఇప్పుడు మీ మూట విప్పుదాం. ముందు ధనియాలు, జీలకర్ర, సోంపు తీసి ఇంట్లోనే పెట్టేయండి. 2020 అక్టోబరు 15 నుంచి ప్రయాణికుల సామానులోనూ, పోస్టులోనూ ఈ మూడూ తేకూడదని ఆస్ట్రేలియా నిషేధం పెట్టింది. వీటితోపాటు బియ్యం, కందులు, పెసలు, శనగలు, బొబ్బర్లు, వేరుశనగలు, చివరికి మన గుంటూరు ఎండుమిరపకాయలు కూడా ఆ పట్టికలోనే ఉన్నాయి. కంపెనీలో వేయించో ఉడికించో తయారుచేసి ప్యాక్ చేసినవాటికి మినహాయింపు ఉంది. మీ ఇంటి మూకుడులో వేయించినవాటికి లేదు. దీనికంతటికీ కారణం ఖప్రా పెంకు పురుగు. నువ్వుగింజంత ఉంటుంది. పుట్టిల్లు మన ఉపఖండమే. దాని పిల్లపురుగు తిండి లేకుండా ఏళ్ల తరబడి పగుళ్లలో ముడుచుకుని పడి ఉండగలదు. గోధుమ అమ్ముకుని బతికే దేశానికి ఇది ఒక్కసారి పట్టిందంటే కొనే దేశాలు మొహం తిప్పేసుకుంటాయి. అదే 2020లో కాన్‌బెర్రాలో ఒక దుకాణానికి వచ్చిన ఫ్రిజ్ ప్యాకింగులో ఇది బయటపడింది. ఫ్రిజ్‌లో ధాన్యం ఎక్కడిది అని అడక్కండి. సముద్రం దాటి వచ్చే కంటెయినర్‌లో అంతకుముందు ఏం మోశారో ఎవరికెరుక?

వాము ఆ పట్టికలో పేరు లేకపోయినా గింజే కదా, నా మాట విని అదీ వదిలేయండి. మిరియాలూ అంతే. మెల్‌బోర్న్‌లో టార్నీట్, పాయింట్ కుక్ లాంటి పేటల్లో ఏ ఇండియన్ షాపుకెళ్లినా ఇవన్నీ దొరుకుతాయి. కాస్త ధర ఎక్కువ, అంతే. కమలా తొక్కలు పొరపాటున కూడా పెట్టకండి. నిమ్మ, నారింజ జాతికి గజ్జి తెగులంటే ఏమిటో ఆస్ట్రేలియా వాళ్లు చూశారు. 2004లో క్వీన్స్‌లాండ్‌లో ఎమరాల్డ్ అనే ఊరి చుట్టూ ఈ తెగులు కనబడితే తోటలకి తోటలే కొట్టి తగలబెట్టారు. 2018లో మళ్లీ డార్విన్ వైపు వస్తే పెరటి చెట్లు కూడా తీసేశారు. దాన్ని వదిలించుకునేసరికి 2021 వచ్చింది. అలాంటి చోట ఎండిన కమలా తొక్కల సంచి విప్పితే వాళ్ల మొహం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

శొంఠి, పిప్పళ్లు కొమ్ములుగా, కంకులుగా తీసుకెళ్లకండి. పొడి ప్యాకెట్లు, కంపెనీ సీలుతో ఉన్నవి, మీద ఇంగ్లీషులో దినుసుల పేర్లు అచ్చువేసి ఉన్నవి కొనండి. ఘాటు కాస్త తగ్గితే తగ్గింది. నిమ్మగడ్డి కూడా అలా ప్యాకెట్‌లో వచ్చేదే మేలు.

తులసి సంగతి మాత్రం నా సొంత అనుభవంతో చెప్తాను. 2022లో సరిహద్దులు తెరిచాక మా అత్తగార్ని నేనే వెళ్లి వెంటబెట్టుకొచ్చాను. విమానంలో ఇచ్చిన కార్డు మీద 'అవును' అని టిక్కు పెట్టించాను కాబట్టి మమ్మల్ని తనిఖీ వరసలోకి పంపారు. బల్ల దగ్గర పాతికేళ్ల అమ్మాయి. గ్లవ్స్ వేసుకుని మా సంచి విప్పింది. శొంఠి పొడి ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి చూసి మా వైపు జరిపింది. ధనియాలు తన వైపు పెట్టుకుంది. తులసి దగ్గర ఆగింది. మా అత్తగారు ఆకులు దూయలేదు, కొమ్మలు కొమ్మలుగా నీడన ఎండబెట్టారు, వెన్నులతో సహా. ఆ అమ్మాయి ఒక వెన్ను తీసి తెల్ల ట్రే మీద వేలితో తట్టింది. ఆవాల కంటే సన్నగా గింజలు జలజలా రాలాయి. నావైపు చూసి ఏమీ అనలేదు. బాపట్లలో నాలుగేళ్లు మొక్కల గురించే చదివాను, వెన్నులో గింజలుంటాయని నాకు తట్టనే లేదు. తులసమ్మని మొక్కలా చూడ్డం ఎప్పుడూ అలవాటు లేదు మరి.

"కోటలో తులసమ్మ, చెత్తబుట్టలో వేస్తారా" అని అత్తగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ అమ్మాయికి నేను అనువాదం చేసి చెప్పాను. "చెత్తలో వెయ్యం, కాల్చేస్తాం" అంది. అగ్నిలో వేస్తారట అని చెప్పాక ఆవిడ కాస్త కుదుటపడ్డారు. ధనియాలూ తులసీ పోయాయి, శొంఠి వచ్చింది. ఒక్క డాలరు కూడా కట్టలేదు.

ఎందుకు కట్టలేదంటే ఆ టిక్కు వల్ల. విమానంలో ఇచ్చే కార్డులో గింజలు, మొక్కల భాగాలు, సంప్రదాయ మందులు, మూలికలు తెచ్చారా అని ఒక ప్రశ్న ఉంటుంది. దానికి 'అవును' అని రాసి అన్నీ చూపిస్తే, మీరు తెచ్చింది నిషేధం అయినా సరే, ఆ వస్తువు పోతుంది గానీ జరిమానా పడదు. 'కాదు' అని రాసి, ఆ తర్వాత వాసన పట్టే తనిఖీ కుక్క వచ్చి మీ పెట్టె పక్కన కూర్చుందంటే అప్పుడు మీ అల్లుడు చెప్పిన వేలు మొదలవుతాయి. 2019లో వియత్నాం నుంచి సిడ్నీ వచ్చిన ఒకావిడ పది కిలోల తిండి పదార్థాలు, అందులో పచ్చి పందిమాంసం, చెప్పకుండా తెచ్చినందుకు వీసా రద్దు చేసి అటునుంచి అటే వెనక్కి పంపేశారు. విజిటర్ వీసా మీద వెళ్లే మీరు గుర్తుంచుకోవాల్సిన కథ ఇది.

కార్డు కింద సంతకం మీది, పూచీ మీదే. ఇంగ్లీషు రాకపోతే పక్క సీటు వాళ్లనో విమాన సిబ్బందినో అడిగి రాయించుకోండి. అనుమానంగా ఉంటే 'అవును' అనే రాయండి. 'అవును' రాసినందుకు పోయేది మహా అయితే ముప్పావుగంట.

ఇంకొక్క మాట. దేనికది వేరే ప్యాకెట్‌గా పెట్టండి, కలపకండి. కలిపిన మూటలో ఒక్క దినుసు పనికిరాకపోయినా మూట మొత్తం పోతుంది. అక్కడ కూర్చుని ధనియాలేరి ఇవ్వరు. అన్నీ ఒకే పెట్టెలో, బట్టల పైన ఉంచండి. వెళ్లే ముందు అల్లుడి చేత 'బైకాన్' చూపించుకోండి. అది ఆస్ట్రేలియా వ్యవసాయ శాఖ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన నిబంధనల జాబితా. వస్తువు పేరు, ఏ దేశం నుంచి, సొంత వాడకానికా అమ్మకానికా అని చెప్తే ఆ రోజున్న షరతులు చూపిస్తుంది. ఆ రోజున్న అని ఎందుకంటున్నానంటే ఇవి మారుతుంటాయి. పోయినేడు మా వదిన తెచ్చిందిగా అంటే కుదరదు.

కాయం ఉండల గురించి మీరు అడగలేదు గానీ, చేసి పట్టుకెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి, అక్కడే చేసి పెట్టండి. అమ్మాయి పాలిస్తుంటుంది కాబట్టి ఏం పెడుతున్నారో వాళ్ల డాక్టరుకి ఒకసారి చెప్పండి.

ప్రశ్న: సిడ్నీ వెళ్లిన మా చెల్లెలి దగ్గర గుప్పెడు ఎండు తులసి లాక్కున్నారు. గుప్పెడు ఆకుతో దేశం మునిగిపోతుందా? మనవాళ్లంటే చులకన కాకపోతే ఏమిటిది? మీలాంటివాళ్లు కూడా వాళ్లనే వెనకేసుకొస్తారు.
ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: అన్నయ్యగారూ, కోపంలో న్యాయం ఉంది. ఆకు సంగతి తర్వాత, ముందు మీ పొలంలోకి రండి.

2021లో మీరు మిరప వేశారా? మా తమ్ముడు రెండెకరాలు వేశాడు. పూత నిండా నల్లటి సన్నపురుగులు, పువ్వు విప్పితే పదీ ఇరవై. మందు మీద మందు కొట్టాడు. డిసెంబరుకల్లా తోట పీకేశాడు. ఆ నల్ల తామర పురుగు మన ఊరిది కాదు, ఆగ్నేయాసియాది. మన దేశంలో మొట్టమొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది. ఆరేళ్లకి గుంటూరు, ఖమ్మం మిరప మీద పడింది. ఎవరో కావాలని తెచ్చుండరు. ఏ కొమ్మలోనో, ఏ పూలబుట్టలోనో వచ్చుంటుంది. మొక్కజొన్నలో కత్తెర పురుగు అమెరికా ఖండాలది. 2018లో కర్ణాటకలో దిగి, అదే ఏడు మన చేలకీ వచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్దాం. గట్ల మీద వయ్యారిభామ లేని ఊరు చూపించగలరా? అరవై, డెబ్భై ఏళ్ల కిందట మన తాతలకి ఆ మొక్కే తెలియదు. 1955 ప్రాంతంలో పుణేలో గుర్తించారు. అమెరికా గోధుమల్లో వచ్చిందని అంటారు, కాదనేవాళ్లూ ఉన్నారు. ఎలా వచ్చినా, వచ్చింది గింజ రూపంలో. కాలవల్లో గుర్రపుడెక్క అయితే పువ్వు అందంగా ఉందని ముచ్చటపడి తెచ్చుకున్నదే. దాన్ని తీయించడానికి కృష్ణా డెల్టాలో ఏటా ఎంత తగలేస్తున్నామో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పుడు ఓడ దగ్గర ఒక మనిషి నిలబడి "ఈ మొక్క వద్దు" అని ఉంటే అతన్ని కూడా మనం తిట్టుకునేవాళ్లమేమో.

చులకన సంగతి. 2007లో పెర్త్‌లో ఒక ఇంట్లో ఇందాక చెప్పిన ఖప్రా పురుగు దొరికింది. ఇంటివాళ్లు ఎక్కడి నుంచి వలస వచ్చారనుకున్నారు? స్కాట్లాండ్ నుంచి. ఇంటి సామానులో వచ్చింది. ఆ ఇల్లంతా గుడారంలా కప్పేసి విషవాయువు పట్టించారు. వాళ్లు తెల్లవాళ్లే, సొంత బంధువుల్లాంటివాళ్లే. పురుగు దగ్గర ఆ మొహమాటం పెట్టుకోలేదు.

అయితే అన్నయ్యగారూ, మీరన్నది పూర్తిగా కొట్టేయను. నిబంధన అందరికీ ఒకటే అయినా, చెప్పే తీరు అందరి దగ్గరా ఒకలా ఉండదు. ఒక పెద్దావిడ పెట్టెలో బట్టలన్నీ నేలమీద పరిచి నవ్వుకున్నవాళ్లని నా కళ్లతో చూశాను. అలా జరిగితే పేరు, టైము రాసుకుని ఫిర్యాదు చేయండి, చేయాలి కూడా. తులసి కోసం మాత్రం చేయకండి.

ప్రశ్న: నేను ఎంఎస్ చదవడానికి ఆక్లండ్ వెళ్తున్నాను. అల్లం నిమ్మకాయ టీ బ్యాగులు రెండు డబ్బాలు, జలుబు చేస్తే కలుపుకోడానికి అమ్మ ఇచ్చిన అడవి తేనె సీసా పట్టుకెళ్లొచ్చా?
ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: తేనె వద్దు తమ్ముడూ. న్యూజిలాండ్ వాళ్లు బయటి తేనెని దేశంలోకి రానివ్వరు. అక్కడి తేనెటీగల్ని ప్రాణంలా చూసుకుంటారు, బయటి తేనెతో పాటు వాటి జబ్బులు వస్తాయని భయం. అమ్మతో గొడవెందుకు, సీసా హాస్టల్లో ఉన్న తమ్ముడికిచ్చెయ్. టీ బ్యాగుల డబ్బా మీద దినుసులు చదువు. అల్లం పొడి, తేయాకు, నిమ్మ వాసన అంతే ఉంటే ఇబ్బంది పెట్టకపోవచ్చు. ఎండు నిమ్మ తొక్క ముక్కలు, నిజం తేనె అని ఉంటే అది వదిలేసి ఇంకో రకం కొను.

ఏది పట్టుకెళ్లినా ముందే ఆన్‌లైన్‌లో నింపే ట్రావెలర్ డిక్లరేషన్‌లో చెప్పు. చెప్పకుండా దొరికితే అక్కడికక్కడ 400 న్యూజిలాండ్ డాలర్లు. కొందరు పిల్లలు బ్యాగులో మర్చిపోయిన ఒక్క ఆపిల్ పండుకి కూడా కట్టారు. మొదటి నెల ఇంటద్దె కోసం దాచుకున్న డబ్బులోంచి అది పోతే ఎలా ఉంటుందో చూసుకో.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. మా నాన్నగారికి నిమ్మాకు టీ అలవాటు. మా పిన్ని రాజమండ్రి నుంచి నీడన ఎండబెట్టిన నిమ్మాకు, కరివేపాకు కలిపి కొరియర్‌లో పంపితే మధ్యలో తీసేసుకున్నామని కాగితం వచ్చింది. పచ్చివి కూడా కాదు. ఎందుకు?
ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: మీ పిన్నిగారు ఎంచుకున్న రెండూ ఒకే కుటుంబం మొక్కలు. కరివేపాకుకి నిమ్మ, నారింజ దగ్గరి చుట్టాలు. సిల్లా అని ఒక చిన్న పురుగు ఈ జాతి చిగుళ్ల మీద చేరి రసం పీలుస్తుంది. పీలుస్తూ గ్రీనింగ్ అనే జబ్బు అంటిస్తుంది. నల్గొండ బత్తాయి రైతుల్ని అడిగితే చెప్తారు ఆ జబ్బు సంగతి. పురుగు 1998లో, జబ్బు 2005లో ఫ్లోరిడాలో బయటపడ్డాయి. అక్కడి నారింజ తోటలు మళ్లీ తేరుకోలేదు. మీ టెక్సస్‌లోనూ నారింజ తోటలున్నాయి కదా.

అందుకే అమెరికాలో టీల విషయంలో ఒక వింత ఉంది. పెట్టెల్లో, బ్యాగుల్లో వచ్చే టీలకి పెద్దగా అడ్డు చెప్పరు గానీ విడిగా ఉన్న నిమ్మ, నారింజ జాతి ఆకుని మాత్రం రానివ్వరు. కొకెయిన్ మత్తుమందు తీసే కోకా ఆకుతో సమానంగా దాన్ని నిషేధం లిస్టులో పెట్టారు. నిమ్మగడ్డి కూడా ఎండు మసాలాల్లోంచి మినహాయించిన వాటిలోనే ఉంది. పేరులో నిమ్మ ఉన్నా అది గడ్డి జాతి, దాని గొడవ వేరే.

కొరియర్‌లో పంపే తిండి పదార్థాలకి అమెరికా ఆహార శాఖకి ముందస్తు నోటీసు ఇవ్వాలి. ఇంట్లో చేసి సొంతవాళ్లకి కానుకగా పంపేవాటికి ఆ నోటీసు అక్కర్లేదు. ఇది చూసి చాలామంది ఇంటి వంట ఏదైనా పంపొచ్చని అనుకుంటారు. మొక్కల నిషేధం దానికి వర్తిస్తూనే ఉంటుంది, మీ పిన్నిగారి పొట్లానికి అయినట్టే. ఈసారి తనే వస్తూ పట్టుకొస్తాననకుండా చూడండి. విమానాశ్రయంలో చెప్పకుండా దొరికితే జరిమానా 10,000 డాలర్ల దాకా వెళ్లొచ్చు. నాన్నగారికి కుండీలో నిమ్మ మొక్క పెట్టి ఇవ్వండి, లైసెన్సున్న నర్సరీలో కొని. చుట్టాల ఇంటి నుంచి అంటు తెచ్చుకోకండి, మీ రాష్ట్రంలోనే కొన్ని జిల్లాల మధ్య నారింజ జాతి మొక్కలు కదపడానికి ఆంక్షలున్నాయి.

ప్రశ్న: మేము పాడేరు దగ్గర మహిళా సంఘం. నిమ్మగడ్డి టీ, ఎర్ర గోంగూర పూల టీ ప్యాక్ చేసి అమ్ముతున్నాం. సిడ్నీలో ఉన్న మావాళ్ల అబ్బాయి 500 ప్యాకెట్లు పంపండి, అమ్ముతానంటున్నాడు. ఏమేం కాగితాలు కావాలి? ప్యాకెట్ మీద "షుగర్, బీపీ తగ్గిస్తుంది" అని వేయించాం, అది ఇంగ్లీషులో కూడా వేయమంటారా?
అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి

జవాబు: అమ్మలూ, ముందు ఆ షుగర్, బీపీ వాక్యం తీసేయించండి. ఇంగ్లీషులో వేయడం మాట దేవుడెరుగు. జబ్బు తగ్గిస్తుందని రాసిన క్షణం నుంచి అది ఆస్ట్రేలియా లెక్కలో టీ కాదు, మందు. మందుల శాఖ దగ్గర నమోదు చేయించాలి. దానికయ్యే ఖర్చుకి మీ సంఘం మొత్తం పొదుపు చాలదు.

సొంతానికి పట్టుకెళ్లే నిబంధనలు వేరు, అమ్మకానికి పంపేవి వేరు. పర్మిట్ కావాలా లేదా అన్నది చూసుకోవాల్సింది అక్కడ దిగుమతి చేసుకునే మనిషి, అంటే ఆ అబ్బాయి. సరుకు కదలకముందే చూసుకోమనండి. సముద్రం మీదుండగా అప్లై చేస్తే ఓడ దిగాక సరుకు గోడౌన్లో కూర్చుంటుంది, అద్దె మీటరు తిరుగుతుంది. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడిగితే అది మన దేశంలో ప్లాంట్ క్వారంటైన్ అధికారులు సరుకు చూసి ఇస్తారు. సరుకు వెళ్లిపోయాక ఇవ్వరు.

అసలు జాగ్రత్త మీ కల్లంలోనే పడాలి. గోంగూర పువ్వు అంటున్నారు గానీ మీరు ఎండబెట్టేది కాయ చుట్టూ ఉండే ఎర్రటి తొడుగు. లోపలి కాయలో గింజలుంటాయి. పచ్చిగా ఉన్నప్పుడే కాయని తోసి తీసేస్తారు కదా, తొందరలో నాలుగు ఉండిపోతే ఆ నాలుగే కొంప ముంచుతాయి. నిమ్మగడ్డిలో పక్కన పెరిగిన గడ్డి వెన్నులు రాకుండా కోయండి. సిమెంటు నేల మీదో, బల్లల మీద గుడ్డ పరిచో ఆరబెట్టండి, మట్టి నేల మీద వద్దు. మా ఆఫీసుకి ఒకసారి 400 పెట్టెల మూలికా టీ వచ్చింది. ఎక్కడిదో చెప్పను. నమూనా తీస్తే గడ్డి గింజలు కనబడ్డాయి, వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. మూడు వారాలు ఆగింది. శుద్ధి చేయించాలా, వెనక్కి పంపాలా, కాల్చేయాలా అని అడిగారు. లెక్క వేస్తే కాల్చడమే చవక. ఆ వ్యాపారి ఫోన్లో ఏడిస్తే నా దగ్గర చెప్పడానికి మాటల్లేవు.

పెట్టెల కింద చెక్క ప్యాలెట్ వేస్తే దాని మీద గోధుమ కంకి గుర్తున్న ముద్ర ఉందో లేదో చూడండి. ఆ చెక్క గుండెదాకా 56 డిగ్రీల వేడి అరగంట పట్టించారనో, లేక మందు పొగ పెట్టారనో దాని అర్థం. టీ బాగున్నా చెక్క బాగాలేదని ఆపేస్తారు. నన్నడిగితే 500 ప్యాకెట్లు ఇప్పుడే వద్దు. ముందు ఆ అబ్బాయి బైకాన్‌లో షరతులు చూసి మీకు తెలుగులో రాసి పంపనివ్వండి. అది చదివి మీ కల్లానికి ఏమేం మార్పులు కావాలో నాకు మళ్లీ ఉత్తరం రాయండి.

ప్రశ్న: దుబాయ్‌లో ఉన్న మా ఆయనకి నిద్ర పట్టడం లేదంటే మా అత్త గసగసాలు, సోంపు కలిపి టీ పొడి చేసిచ్చింది. ఊరి నుంచి వెళ్తున్న అతని చేత పంపిద్దామనుకుంటున్నా. ఫర్వాలేదా?
ఒక సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు: చెల్లీ, పంపకు. ఇది పురుగులు, తెగుళ్ల లెక్క కూడా కాదు. గల్ఫ్‌లో గసగసాలు మత్తుపదార్థాల చట్టం కిందికొస్తాయి. మన ఇంట్లో మసాలా డబ్బాలో ఉండే దినుసే, అక్కడ జైలు. పైగా పట్టుబడేది మీ ఆయన కాదు, ఏం మోస్తున్నాడో తెలియని ఆ ఊరి అతను. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి ముందు అతనికి ఫోన్ చెయ్.